జబ్బ మీద వెలిగిన గంగమ్మ

ఆ రోజు ఆదిమూలం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున ఆరింటికి లేవాలి, రెండు ఇడ్లీలు తినాలి, ఏడున్నర బస్సుకు పాకాలలో ఎక్కి చిత్తూరులో దిగాలి, తొమ్మిదిన్నరకు పదో తరగతి సైన్సు పరీక్ష రాయాలి, ఎవరి కంటా పడకుండా ఇల్లు చేరాలి. నలభై ఏడేళ్ల మనిషికి ఆ పరీక్షలో అన్నిటికన్నా కష్టమైన భాగం ఎవరి కంటా పడకుండా ఉండడమే. అంతకు ముందు అయిదు పరీక్షలూ అట్లాగే, గోడ దూకిన దొంగలాగా రాసి వచ్చాడు. ఇది చివరిది.

భయం మాత్రం రెండు నెలలుగా ఆయన కడుపులో కాపురం పెట్టింది. ఆదిమూలం తొమ్మిదో తరగతిలో బడి వదిలి లైటింగు పనిలో చేరినవాడు. జాతరలకు, పెళ్లిళ్లకు సీరియల్ సెట్లు కట్టే పని. మోటారుతో తిరిగే చెక్క రోలరుకు రేకులు కొట్టి బల్బులను పరిగెత్తించిన కాలం నుంచి, గోరంత చిప్పుతో లైట్లను ఆడించే కాలం దాకా అన్నీ ఆయన చేతుల మీదుగానే నడిచాయి. ఆ పనిలో మూడుసార్లు షాకు కొట్టింది, ఒకసారి స్తంభం మీద నుంచి పడ్డాడు. ఇవేవీ చదువు కింద లెక్కకు రావని ఓనరు గిరిప్రసాద్ ఈ మధ్యనే తెలియజేశాడు.

"నేను అడిగేది కాదప్పా ఇది. మనకు లైట్ల పని ఇచ్చే ఆ కొత్త హోటలోళ్ల కాగితంలో ఉండాది. సూపర్‌వైజరంటే పదో తరగతి పాసై ఉండాలంట. రిజల్ట్సు వచ్చేదాకా నీ పని నీకే పెడతా. పాసైతే సరి. లేదంటే బయట నుంచి ఎవుర్నన్నా తెచ్చుకుంటా. నువ్వు గమ్మున నిచ్చెన మోసుకుంటా ఉండు."

ఇరవై రెండేళ్లు నిచ్చెన పైన నిలబడి కింది వాళ్లకు పని చెప్పిన మనిషికి, ఆ నిచ్చెనను భుజాన వేసుకుని ఇంకొకడి వెనక నడవడం కళ్ల ముందు కనబడుతూ ఉండేది. పుస్తకం తెరిస్తే అక్షరాలకు బదులు నిచ్చెనే కనబడేది.

ఆ గిరిప్రసాదే తిరుపతిలో యాత్రికులకు అమ్మడానికి ఒక కొత్త డాలరు చేయమన్నాడు. పాత రూపాయి బిళ్లంత ఉంటుంది. నడుమ గంగమ్మ మొహం, చుట్టూ ఆవగింజలంత లైట్లు తొమ్మిది: ఎరుపు మూడు, పసుపు మూడు, ఆకుపచ్చ మూడు. వెనక ఒక చిప్పు. ఆ చిప్పుకు తొమ్మిది దారులు, ఒక్కో దారికి ఒక్కో లైటు. ఏ లైటు ఎంత వెలగాలి, ఎంతసేపట్లో పెరగాలి, ఎంతసేపు ఆగాలి, మొత్తం మళ్లీ ఎన్నిసార్లు చేయాలి అని కంప్యూటరులో వరుసగా రాసి ఎక్కిస్తే చాలు. ఆపైన దానికి కంప్యూటరుతో పని లేదు, మనిషితోనూ పని లేదు. చొక్కా గుండీ అంత బ్యాటరీని చీమ చక్కెర తిన్నట్టు తింటూ వారాల తరబడి వెలుగుతుంది. లోపల ముగ్గురు మేస్త్రీలు ఉన్నట్టు మూడు ప్రోగ్రాములు విడివిడిగా నడుస్తాయి. గంగమ్మ మొహం కింది మీటను ఒకసారి నొక్కితే మొదటి మేస్త్రీ పనిలోకి దిగుతాడు, మళ్లీ నొక్కితే రెండోవాడు, మూడోసారికి మూడోవాడు.

ఇదంతా ఆదిమూలం యూట్యూబులో ఒక తమిళ పిల్లోడి వీడియోలు చూసి నేర్చుకున్నాడు. చిప్పుతో పాటు వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది, దాని జోలికి పోలేదు. మీట నొక్కితే ఆట ఒక్కసారి ఆడి లైట్లు ఆరిపోవాలని ఓనరు చెప్పాడు. కాబట్టి 'మళ్లీ ఎన్నిసార్లు' అన్న గడిలో ఆదిమూలం సున్నా కొట్టాడు. ఆ గడిలో సున్నా అంటే బ్యాటరీ చచ్చేదాకా అని పుస్తకంలో ఉంది. తొమ్మిదో తరగతి లెక్కల్లో ఆయనకు సున్నా వచ్చినప్పుడు మాస్టారు దానికి అట్లాంటి గొప్ప అర్థం ఉందని చెప్పలేదు.

ప్రోగ్రాము ఎక్కించాక, జాతరలో వాన పడినా తడవకూడదని డాలరు మొత్తానికీ గాజులాంటి గట్టి జిగురు పోశాడు, మీట ఉన్న చోట మాత్రం పలుచగా. ఇంక బ్యాటరీ బయటికి రాదు. అది ఆరేదాకా మీట నొక్కకూడదు కాబట్టి నొక్కి చూడలేదు. మరుసటి రోజే సైన్సు పరీక్ష.

పరీక్ష రోజు ఆయన భార్య తిరుమలమ్మ అయిదింటికే తలకు పోసుకుంది. అల్మారాలో ఆరబెట్టిన డాలరును తీసుకుని గంగమ్మ గుడికి పోయి, పాదాల దగ్గర పెట్టించి, తొమ్మిది పోగుల పసుపు దారానికి ఎక్కించి తెచ్చింది. ఆదిమూలం ఇడ్లీ తింటూ ఉండగానే కుడి జబ్బకు చుట్టి మూడు ముళ్లు వేసింది.

"మే, అది ఓనరుకు ఇయ్యాల్సిన శాంపిలు."

"ఇస్తువులే. పని అయినాక ఇస్తువు. మొక్కుకుని కట్టినా, పరీక్ష గండం గడిచేదాకా ఇప్పకూడదు. ఈ అమ్మోరికి ఎలుగు కూడా ఉండాది, ఇంగా మంచిది."

కట్టిన దారం మధ్యలో విప్పితే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తిరుమలమ్మ మేనమామ ఒకసారి జాతర మధ్యలో కంకణం తెంపి బావిలో పడ్డాడు. ఆయన ఆ రోజు తాగి ఉన్నాడన్న సంగతి ఆ కథలో ఎవరూ చెప్పరు. ఆదిమూలానికి కరెంటంటే భయం లేదు గానీ గంగమ్మ అంటే ఉంది, తిరుమలమ్మ అంటే ఇంకా కొంచెం ఎక్కువ ఉంది. పలుచటి కొత్త తెల్ల చొక్కా తొడుక్కుని బస్సెక్కాడు. ముడి బిగించేటప్పుడు తిరుమలమ్మ బొటనవేలు డాలరును గట్టిగా నొక్కిందని ఇద్దరూ గమనించలేదు.

గమనించింది పక్క సీటులో కూర్చున్న పెద్దాయన. తలకు తువ్వాలు చుట్టుకున్న మామిడి తోట మనిషి. కాసేపు ఆదిమూలం చేతి వైపు, కాసేపు మొహం వైపు చూసి చిన్నగా అడిగాడు.

"ఏమప్పా, లోపల మిషనా?"

ఆదిమూలం చూసుకున్నాడు. చొక్కా చేతి కింద ఎరుపు లైట్లు మెల్లగా ఉబ్బి మెల్లగా తగ్గుతున్నాయి, ఊపిరి తీసినట్టు. తాను రాసిన మొదటి ప్రోగ్రామే. ముచ్చటగా వచ్చిందనుకున్నాడు. ఆరిపోతుందిలే అనుకున్నాడు. ఆరిపోయింది, మళ్లీ మొదలైంది. పూతలపట్టు వచ్చేసరికి నలభైసార్లు లెక్కపెట్టాడు.

"మా బావమర్దికి కూడా ఇట్లనే వేలూరులో పెట్టినారు, గుండెకు. ఎర్రగా కొట్టుకుంటే జాగర్తగా ఉండాలంట. మాట్లాడొద్దు నువ్వు," అని పెద్దాయన కండక్టరును పిలిచాడు. "అబ్బా, డ్రైవరుకు చెప్పు, గుంతల్లో మెల్లగా పొమ్మని. ఈడ గుండె మనిషి ఉండాడు."

కాదని చెప్పడానికి ఆదిమూలం నోరు తెరిస్తే, మాట్లాడొద్దని నలుగురు మందలించారు. డ్రైవరు మంచివాడు. చిత్తూరు దాకా పెళ్లికూతుర్ని తీసుకుపోతున్నట్టు నడిపాడు. తొమ్మిదికి ముందే చేరాల్సిన బస్సు తొమ్మిదీ ఇరవైకి చేరింది. దిగుతూనే ఆదిమూలం ఇంటికి ఫోన్ చేశాడు.

"మే, ఇది ఆగడంలే."

"యాడన్నా దీపం ఆరిపోవాలని కోరుకుంటారా? గమ్మున పోయి రాయి," అని తిరుమలమ్మ పెట్టేసింది.

పరీక్ష ఒక ప్రైవేటు బడిలో. గేటు దగ్గర ఓబయ్య అనే వాచ్‌మన్ అందర్నీ తడిమి చూసి లోపలికి వదులుతున్నాడు. డాలరు మీద చుట్టుకుందామని ఆదిమూలం చేతిలో పట్టుకున్న కర్చీఫును ముందు లాక్కున్నాడు.

"గుడ్డపేలిక కూడా పోకూడదు. మొన్న ఒకడు కర్చీఫు మీద పాఠమంతా రాసుకొచ్చినాడు. జబ్బకు ఏంది అది?"

"అమ్మోరు."

ఓబయ్య మొహం మారిపోయింది. చెప్పులు విడిచి, చొక్కా మీద నుంచే డాలరును రెండు వేళ్లతో గట్టిగా అదిమి ఆ వేళ్లు కళ్లకు అద్దుకున్నాడు. లోపల రెండో మేస్త్రీ లేచాడు. ఎరుపు ఉబ్బుతూ ఉండగానే పసుపు లైట్లు చుట్టూ పరిగెత్తడం మొదలుపెట్టాయి. ఓబయ్య చేతులు జోడించి, "పో నాయనా, నీకేం భయంలే," అన్నాడు. ఆదిమూలానికి పుట్టి బుద్ధెరిగాక అంత భయం ఎప్పుడూ వేయలేదు.

గదిలో ఇరవై మంది. అందరూ ఏదో ఒక ఉద్యోగం కోసం, ఎవరో ఒకరు అడిగితే, ఇంత వయసులో రాస్తున్నవాళ్లే. బయట నుంచి చీటీలు విసురుతారని కిటికీలన్నీ మూసేశారు. బెల్లు కొట్టిన రెండు నిమిషాలకు కరెంటు పోయింది. గది మసక చీకటైంది. ఆదిమూలం కుడి జబ్బ అమ్మవారి పందిరిలాగా వెలిగింది.

ముందు అరగంటలో ఇరవై బిట్లు రాసి ఆ కాగితం ఇచ్చేయాలి, తర్వాత పెద్ద ప్రశ్నలు. మొదటి బిట్టు చూశాడు. విద్యుత్ నిరోధానికి ప్రమాణం. ఓం అని రాశాడు. మీటరు మీద ఆ గుర్తు రోజూ చూసేదే. ఒక్క క్షణం ధైర్యం వచ్చింది. అప్పుడే కుడి వైపు నుంచి గుసగుస వినిపించింది.

పక్కనున్నవాడు ధర్మేంద్ర. పలమనేరు సంతలో ఆవుల బేరగాడు. పాల డెయిరీలో ఏజెంటు పని కోసం రాస్తున్నాడు. ఆవు పళ్లు చూసి వయసు చెప్పే చూపుతో ఆదిమూలం జబ్బను చూస్తున్నాడు.

"అన్నా, ఇది ఎవురు చేసిచ్చినారు?"

ఇరవై రెండేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. ఎక్కడ లైట్లు వెలిగినా జనం ఓనరు పేరే అడిగారు. నోరు జారింది.

"నేనే చేసినా."

ధర్మేంద్ర కళ్లలో భక్తి నిండింది. "అట్లయితే ఎరుపంటే ఎ, పసుపంటే బి, పచ్చంటే సి. అంతేనా?"

ఆదిమూలానికి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. ఎవరో బయట కూర్చుని జవాబులు పంపుతుంటే, తన జబ్బ మీద లైట్లు చెబుతున్నాయని వీడు అనుకుంటున్నాడు. వీడు అనుకున్నది కాపీలు పట్టే స్క్వాడు కూడా అనుకుంటే రెండేళ్లు పరీక్ష రాయనివ్వరు. ఆపైన పోలీసులు.

"సామీ, అది ఉత్త డాలరు. నీ కాగితం నువ్వు సూడు."

"అర్థమైందిలే అన్నా. అట్లే అనాల," అని ధర్మేంద్ర కన్ను కొట్టి రాసుకోసాగాడు.

ఎడమ చేత్తో డాలరును కప్పుదామని ఆదిమూలం గట్టిగా పట్టుకున్నాడు. అదే చివరి తప్పు. మూడో మేస్త్రీ దిగాడు. ఆకుపచ్చ లైట్లు రెపరెపలాడాయి. మధ్య మధ్యలో మూడు రంగులూ కలిసి ఒక్కసారిగా భగ్గుమంటున్నాయి.

"అన్నీ కలిస్తే డి," అని వెనక బెంచీకి మెల్లగా చెప్పాడు ధర్మేంద్ర.

వెనక బెంచీలో జయంతి, చంద్రగిరి అంగన్‌వాడీలో ఆయా. ఆమె ఇంకో నలుగురికి చెప్పింది. రెండు నిమిషాల్లో గదిలో పెన్నుల చప్పుడు వాన మొదలైనట్టు మొదలైంది. అంతలోనే జయంతి ఆదిమూలం వీపు మీద పెన్నుతో పొడిచింది.

"అన్నా, కొంచిం నిదానంగా ఎలిగించు. ఆరో దానికి ఎరుపూ పచ్చా రెండూ వచ్చె. ఏది రాసేది?"

"నాకు తెల్దమ్మా."

"అబ్బా, ముందు బెంచీకైతే చెప్తావు, మాకైతే తెల్దంటావు."

ఇన్విజిలేటరు రెబెకా మేడం వరండాలో ఎవరితోనో కరెంటు సంగతి మాట్లాడి అప్పుడే లోపలికి వచ్చింది. మసకలో రంగులు చూసి తిన్నగా ఆదిమూలం దగ్గరకు నడిచింది. నిజం చెబితే కాపీ కేసు. చెప్పకపోతే ఏం చెప్పాలి? బస్సులో విన్న మాట ఒక్కటే బుర్రలో ఉంది.

"ఏంటండీ అది?"

"గుండె మిషను మేడం."

"జబ్బకా?"

"నరం ఈడ నుంచే పోతాది మేడం. వేలూరులో పెట్టినారు."

రెబెకా మేడం మొహంలో రంగు పోయింది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ భయపడ్డారో చెప్పడం కష్టం. ఆయన చెమటలు నిజమైనవే, వణుకు నిజమైనదే. ఎర్ర లైట్లు అప్పుడే వేగం పుంజుకున్నాయి. ఆమె నీళ్ల సీసా ఆయన నోటికి పెట్టింది. కాగితం తానే పట్టుకుని, చెయ్యి ఇచ్చి లేపి, గాలి తగిలే చోటని తలుపు పక్కన తన కుర్చీలోనే కూర్చోబెట్టింది. ఆ కుర్చీ అందరి ఎదురుగా ఉంటుంది.

"మీరు ప్రశాంతంగా రాయండి. ఏ మాత్రం నొప్పనిపించినా చెప్పండి," అంది.

అంతవరకు పది మందికి కనబడింది ఇప్పుడు పంతొమ్మిది మందికీ కనబడింది. పంతొమ్మిది తలలు లేస్తున్నాయి, వంగుతున్నాయి, లేస్తున్నాయి, వంగుతున్నాయి. జాతరలో ఆయన కట్టిన లైట్లను కూడా జనం అంత శ్రద్ధగా చూడలేదు. ఆదిమూలం ఒక్కడే డాలరు వైపు చూడలేదు. చూస్తే గుండె నిజంగానే ఆగిపోతుందని భయం. గుండె అనగానే ఏడో బిట్టు కళ్లబడింది: మనిషి గుండెలో ఎన్ని గదులు ఉంటాయి? వాళ్లింట్లో మూడు గదులు. మూడు అని రాశాడు.

అరగంటకు రెబెకా మేడం బిట్ల కాగితాలు తీసుకుంది. ఆ తర్వాత పెద్ద ప్రశ్నల మీద ఆయన చెయ్యి ఎట్లా కదిలిందో ఆయనకే తెలియదు. ఆమె అయిదు నిమిషాలకొకసారి వచ్చి చూస్తోంది. మూడోసారి చూసినప్పుడు మూడు రంగులూ కలిసి భగ్గుమన్నాయి. ఇంక లాభం లేదని బయటికి పోయి నూట ఎనిమిదికి ఫోన్ చేసింది. గేటులోకి బండి వచ్చిన చప్పుడైంది. అంబులెన్సు ఇంత తొందరగా వచ్చిందా అనుకుంది. వచ్చింది స్క్వాడు జీపు.

స్క్వాడు ఆఫీసరు గంగాధరం లోపలికి అడుగు పెట్టగానే అందరి తలలూ ఒక్కసారి కిందికి వాలాయి. ఆయన గదంతా చూసి కుర్చీలో వెలుగుతున్న మనిషి దగ్గర ఆగాడు.

"ఇదేంది మేడం?"

"గుండె పేషెంటు సార్. మిషను పెట్టారు. నేను ఇప్పుడే అంబులెన్సుకు—"

గంగాధరం బల్ల మీది బిట్ల కట్ట తీశాడు. పైన ఆదిమూలం కాగితమే ఉంది. చదువుకుంటూ పోయి ఏడో బిట్టు దగ్గర ఆగాడు.

"గుండెకు మిషను పెట్టించుకున్నోడివి, గుండెలో ఎన్ని గదులో తెల్దా నీకు? వేలూరోళ్లు చెప్పలేదా?"

ఆదిమూలం లేచి నిలబడ్డాడు. నిలబడ్డాననుకున్నాడు గానీ బల్ల పట్టుకుని వేలాడుతున్నాడు. ఉన్నదంతా చెప్పేశాడు: చిప్పు, సున్నా, భార్య, మొక్కు, బస్సు, వాచ్‌మన్. భయపడినవాడు నిజం చెబితే అబద్ధం కన్నా అన్యాయంగా వినిపిస్తుంది.

"ఆరిపోవాలని రాసినావు, ఆరలేదు. ఎవురూ చెప్పకుండానే అది ఎలగతా ఉండాది. ఇదంతా నమ్మాలి నేను. సరే, ఇప్పు దాన్ని. సీజు చేస్తా."

"ఇప్పకూడదు సార్. మొక్కుకుని కట్టింది."

"ఓబయ్యా, కత్తెర తెచ్చి కొయ్యి."

ఓబయ్య కత్తెర తెచ్చాడు గానీ చెయ్యి చాపలేదు. "నన్ను ఉద్యోగంలోంచి తీసేయండి సార్. జాతర నెలలో ఆ దారం నేను కొయ్యను. పిల్లలుండారు నాకు."

"మేడం, మీరు కొయ్యండి. మీకు ఈ పట్టింపు ఉండదు గదా."

"నేనే కోయకూడదు సార్," అంది రెబెకా మేడం. "చర్చికి పోయే ఆమె గంగమ్మ దారం కోసిందని రేపు ఊరంతా చెప్పుకుంటారు. నేను ఈ ఊళ్లోనే ఉండాలి."

గంగాధరం అందర్నీ ఒకసారి చీదరగా చూసి కత్తెర తానే లాక్కున్నాడు. దారం కిందికి మొన పెట్టాడు. ముగ్గురు మేస్త్రీల పనీ అప్పుడే ఒక దగ్గర కలిసింది. తొమ్మిది లైట్లూ గంగమ్మ మొహం చుట్టూ ఒక్కసారి లేచాయి. గంగాధరం కత్తెర వెనక్కి తీసుకున్నాడు. తీసుకుని, చాలా నింపాదిగా బల్ల మీద పెట్టాడు.

"మా ఇంట్లో వచ్చే వారం శుభకార్యం ఉండాది," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా.

డాలరు లేకుండా కేసు ఎట్లా రాయాలి? గంగాధరం కుర్చీలో కూర్చుని ఇరవై బిట్ల కాగితాలూ బల్ల మీద పరిచాడు. గదిలో ఎవరూ ఊపిరి తీయడం లేదు, ఒక్క డాలరు తప్ప. ఒక కాగితం చూశాడు, ఇంకోటి చూశాడు, మొదటిదానికి తిరిగి వచ్చాడు.

"వీటిల్లో అన్నిటికన్నా బిర్రున పోయేది ఏది? శబ్దం, కాంతి, గాలి, రైలు," అని చదివాడు. "పంతొమ్మిది మంది రైలు అని రాసినారు. ఏమప్పా, అందరూ పాకాల జంక్షనోళ్లేనా?"

ధర్మేంద్ర ఆదిమూలం వైపు చూసిన చూపులో, చూడి ఆవని కొన్నది గొడ్డుదని తేలినవాడి బాధ ఉంది.

"ఇరవై బిట్లూ పంతొమ్మిది మందికీ ఒకటే. తప్పులూ ఒకటే. ఈ లైటాయన ఒక్కడే కాంతి అని సొంతంగా రాసినాడు. గుండెకు మూడు గదులని కూడా సొంతంగానే రాసినాడు." గంగాధరం లేచి నిలబడ్డాడు. "సిగ్నలు ఇచ్చేవాడు తాను దాన్ని చూడకుండా తప్పు రాసుకోడు. దొంగలు మీరు, ఈయన కాదు. ఈ పంతొమ్మిది పేపర్లూ క్యాన్సిలు. నువ్వు కూర్చుని రాసుకోప్పా. ఈ గదిలో నిజాయితీగా రాసినోడివి నువ్వొకడివే."

ఆ గదిలో ఆదిమూలం ఒక్కడే మిగిలాడు. రెబెకా మేడం అంబులెన్సుకు వద్దని చెప్పి, ఒక్కడి కోసం గంటన్నర కాపలా కాసింది. ఇన్ని గండాలు గడిచి, నిజాయితీపరుడని సర్కారు మనిషి నోటితో అనిపించుకుని, ఆయన తెల్ల కాగితం వైపు చూశాడు. రెండు నెలలు చదివిందంతా భయంతో పాటు దిగిపోయింది. ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

బయట చెట్టు కింద పంతొమ్మిది మంది ఏడుపు మొహాలతో అర్జీ రాశారు. పొద్దంతా కూలీ చేసుకునేవాళ్లమని, చదువుకునే టైము లేక పొరపాటు చేశామని, చివరి అవకాశం ఇవ్వాలని. వాళ్ల గోడు విన్న పైవాళ్లకు జాలి వేసింది. నెలరోజులు గడువిచ్చి వాళ్లకు వేరేగా పరీక్ష పెట్టారు. ఒకసారి భయపడినవాళ్లు కాబట్టి ఈసారి చదివారు. ప్రశ్నలు కూడా పెద్దగా మారలేదు.

రిజల్ట్సు అందరివీ ఒకే రోజు వచ్చాయి. పంతొమ్మిది మందీ పాసయ్యారు. ఆదిమూలానికి సైన్సులో ముప్పై ఒకటి వచ్చాయి, ముప్పై అయిదు రావాలి. ఆయన పేపరు క్యాన్సిలు కాలేదు కాబట్టి మళ్లీ రాసే అర్హత ఈ విడతలో లేదన్నారు. ఆరు నెలలు ఆగి రాయొచ్చన్నారు.

"మొక్కు సంగతి ఏమే?" అని ఇంట్లో అడిగాడు.

"నేను గండం గడవాలని గదా మొక్కింది. గడిచింది గదా," అంది తిరుమలమ్మ. "పాసు కావడం నీ పని."

ఆ సాయంత్రం షాపులో ఆదిమూలం ఫలితం ఓనరుకు ఎట్లా చెప్పాలా అని గొంతు సవరించుకుంటూ ఉండగా ధర్మేంద్ర మిఠాయి పెట్టెతో దిగాడు. డెయిరీ వాళ్లు ఏజెంటు పని ఇంకెవరికో ఇచ్చేశారట. అయినా పాసైన సంతోషం ఉంది, దానికి కారణమైన అన్నను చూసిపోదామని వచ్చాడు. మిఠాయి తింటూ గిరిప్రసాద్ అతని చేతిలోని మార్కుల కాగితం చూశాడు.

"ఏమప్పా, ఇది నీదేనా? పది పాసా?"

"నాదే సార్."

"హోటలు పని సోమవారం మొదలవతాది. సూపర్‌వైజరుగా వచ్చేస్తావా?"

ధర్మేంద్ర నిజాయితీగానే వెనకాడాడు. "నాకు లైట్ల గురించి ఏమీ తెల్దు సార్. ఆవుల గురించి అడగండి, చెప్తా."

"అదంతా ఆదిమూలానికి తెలుసులే," అన్నాడు గిరిప్రసాద్.

సోమవారం పొద్దున హోటలు ముందు నిచ్చెన దింపాక కొత్త సూపర్‌వైజరు ఆదిమూలాన్ని పక్కకు పిలిచి, ఈ రెండు తీగల్లో కరెంటు దేంట్లో ఉంటుందని చెవిలో అడిగాడు. ముట్టుకుని చూడమందామని ఆదిమూలానికి నోటి దాకా వచ్చింది గానీ, సర్టిఫికెట్టు ఉన్నవాడికి చదువు చెప్పడం మర్యాద కాదని ఊరుకున్నాడు.